ఆషర్ కోడ్ తీసేసిన అమ్మాయి

మల్కాజ్‌గిరిలో లోకల్ ట్రైనెక్కి, వానలో తడిసి ఆఫీసుకొచ్చిన ఆషర్ కంప్యూటర్ తెరవగానే కొయ్యబారిపోయాడు. తాను కష్టపడి రాసిన కోడ్ మొత్తం తీసేస్తూ ఒక ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పుల చిట్టా, వచ్చింది. పంపింది కొత్తగా చేరిన ఎలీనా.

నేరుగా ఆమె సీటు దగ్గరికెళ్లాడు.

“ఏందీ మేడమ్ గిది? నా కోడ్ మీకేం చేసింది?”

“ఏం చెయ్యట్లేదు. అదే ప్రాబ్లమ్,” అంది ఎలీనా, టీ చప్పరిస్తూ.

పక్కసీట్ల వాళ్లు కిసుక్కున నవ్వారు.

ఆమె మాటలో తప్పులేదు. సిస్టమ్‌ను లోపలినుంచి నడిపే కెర్నెల్, మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా పంచుతుంది. ఆ పేజీలు వాడుకోవడం తేలికవుతుందని ఆషర్ అప్పట్లో పైన ఒక పొర కట్టాడు. ఇప్పుడు కెర్నెల్‌లోనే ఆ సౌకర్యం వచ్చేసింది. అతని పొర ఉత్త బరువు.

“అయినా జెర మర్యాదగా చెప్పొచ్చు కదా!”

“‘దయచేసి’ అని రాశానే, చూడలేదా?”

రాసింది. అదే మరీ మండించింది.

తప్పు పట్టాలని ఆ ప్యాచ్‌ను వరసగా చదివాడు. ఎంత శుభ్రంగా రాసిందో! చదివేకొద్దీ కోపం కరిగిపోయింది. అయినా రోజూ ఏదో వంకతో వెళ్లి గొడవపడేవాడు. అతను వచ్చే వేళకు ఆమె ఓ కుర్చీ ఖాళీగా ఉంచేది.

శనివారం మధ్యాహ్నం అతనికి తప్పు దొరికింది. ఒకచోట అతని కోడ్, వాడేసిన పేజీలను కెర్నెల్‌కు తిరిగి అప్పగించేది. అదీ పోయింది. ఇలాగే ఉంటే సోమవారం క్లయింట్‌కు పని చూపించేటప్పుడు మెమరీ నిండి సిస్టమ్ ఆగిపోతుంది. ప్రొబేషన్‌లో ఉన్న ఎలీనా ఉద్యోగమూ ఆగిపోతుంది.

వెంటనే ఫోన్ చేశాడు. “ఎక్కడున్నరు?”

“రెజిమెంటల్ బజార్‌లో, అమ్మతో. ఏమైంది?”

“అక్కడే ఉండండి. వస్తున్న.”

జోరువానలో ల్యాప్‌టాప్‌ను చొక్కా కింద దాచుకుని వచ్చాడు. తల్లీకూతుళ్లున్న బట్టలకొట్టు కౌంటర్ మీద దాన్ని తెరిచాడు. తప్పు చూసి ఎలీనా ముఖం పాలిపోయింది.

“మీరే సరిచేసేయొచ్చు కదా?”

“మీ ప్యాచ్. మీ పేరు మీదే పోవాలె.”

ఆమె టైప్ చేస్తూ ఓరగా చూసింది. “మీరు ఊరుకుంటే నన్ను పంపించేసేవాళ్లు. మీ కోడ్ మీకు దక్కేది.”

“కోడ్ పోతే పోనీ. నువ్వు పోవద్దు.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. చీర మడత విప్పి చూస్తున్న ఎలీనా తల్లి ప్రేమమణి టక్కున తలెత్తింది. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, తల తుడుచుకోమని సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చింది.

“రేపు చర్చి అయ్యాక మా ఇంటికి రా బాబూ. సైనిక్‌పురిలోనే. మటన్ వండుతా.”

“మటన్ వద్దమ్మా, చికెన్ చెయ్యి,” అంది ఎలీనా, స్క్రీన్ మీదనుంచి కళ్లు తిప్పకుండా. “తను మటన్ ముట్టడు.”

ఆషర్ తల తుడుచుకోవడం ఆపేశాడు. ఆ సంగతి అతనెప్పుడూ ఆమెకు చెప్పలేదు.