డబ్బాకు కామెర్లు

"ఓయ్ సుమనా, నీ డబ్బాకు కామెర్లయినయే!"

సల్మా మాటకు బడి వరండాలో అన్నం తింటున్న పిల్లలంతా గొల్లున నవ్వారు. సుమన మాత్రం నవ్వలేదు. టమాటా కూర ఉన్నంత మేరా తెల్లటి ప్లాస్టిక్ డబ్బా పచ్చగా మారిపోయింది.

ఆ డబ్బా వదినది. భాగ్య వదిన పెళ్లయి గద్వాల వచ్చి నెల కూడా కాలేదు. నాగర్‌కర్నూల్ నుంచి మూడు డబ్బాలు తెచ్చుకుంది. ఒకదాంట్లో ఒకటి ముద్దుగా ఇమిడిపోతాయి. రోజూ వాటిని విడదీసి, మళ్లీ సర్ది, ఊరికే మురిసిపోతుంది.

అందులో నడిమి డబ్బాను సుమన అడగకుండా తెచ్చింది, సల్మాకు చూపిద్దామని.

పొద్దున వంటింట్లోంచి అమ్మ అరిచింది కూడా. "కూర ఇప్పుడే దించిన. జర సల్లారనియ్యే!"

బయట నర్సింహులు బడి ఆటో హారన్ మోగింది. సుమన పొగలు కక్కే కూరను డబ్బాలో పోసి పరుగెత్తింది.

ఇప్పుడు బడి నల్లా దగ్గర ఎంత రుద్దినా సబ్బు నురగే వచ్చింది. రంగు పోలేదు.

సాయంత్రం ఎవరూ చూడకుండా మిద్దె ఎక్కింది. నీళ్ల ట్యాంకు వెనక డబ్బా పెట్టి, గాలికి కొట్టుకుపోకుండా లోపల ఇటుక ముక్క ఉంచింది. మళ్లీ అటు వెళ్లలేదు.

ఆదివారం మధ్యాహ్నం వదిన కొంగు సర్దుకుంటూ వాడలో ఇల్లిల్లూ తిరుగుతోంది. మొన్న ఇరుగుపొరుగుకు గారెలు పంచినప్పుడు డబ్బా ఏ ఇంట్లోనో ఉండిపోయిందనుకుంది పాపం.

"పెద్దమ్మా, మా డబ్బా గిన మీ ఇంట్ల ఉన్నదా?"

పక్కింటి తాజ్‌బీ నవ్వింది. "అప్పుడే పోగొట్టినవా, కొత్త కోడలా? గింత మతిమరుపైతే రేపు మొగణ్ణి ఏడ మర్చిపోతవో!"

వదిన కూడా నవ్వింది. కానీ ఆమె ముఖం ఎర్రబడింది.

గుమ్మంలో నిలబడ్డ సుమనకు ఇక కాళ్లు ఆగలేదు. ఒక్క ఉరుకున వెళ్లి వదిన చెయ్యి పట్టుకుంది.

"వదిన పోగొట్టలే, పెద్దమ్మా! నేనే తీస్కపోయిన. ఖరాబు చేసి దాచిపెట్టిన."

తాజ్‌బీ నవ్వు ఆగిపోయింది. వదిన సుమన వెంట మిద్దె ఎక్కింది.

ట్యాంకు వెనక డబ్బా చూసి సుమన నోరు తెరిచింది. డబ్బా తెల్లగా ఉంది! ఇటుక తీస్తే దాని కింద మాత్రం పచ్చటి మచ్చ.

"పసుపు మరకకు ఎండంటే భయం," అంది వదిన. "ఇటుక కింద ఎట్ల దాక్కున్నదో జూడు, అచ్చం నీ లెక్కనే!"

సుమన తల దించుకుంది. "కోపం రాలేదా, వదినా?"

"వచ్చింది. ఇల్లిల్లు తిరిగిన గద! గని తాజ్‌బీ ముంగట నువ్వే చెప్పినవ్. గందుకే సగం పోయింది."

"మిగిలిన సగం?"

"గదీ గీ మచ్చ లెక్కనే, ఎండల పెడ్తే పోతది." వదిన ఇటుకను పక్కన పెట్టి, మచ్చకు ఎండ తగిలేలా డబ్బాను తిప్పింది. "ఇంకోపాలి జర నూనె పూసి, కూర సల్లారినంక పెట్టు. రంగు పట్టదు."

కొన్ని రోజుల తర్వాత, ఒక పొద్దున.

"వదినా, నడిమి డబ్బా తీస్కపోవాల్నా?"

"తీస్కపో!"

సుమన వేలితో నూనె చుక్క తీసి డబ్బా లోపలంతా పూసింది. కూరను పళ్లెంలో పోసి, అట్టతో విసరసాగింది.

బయట ఆటో హారన్ మోగింది. మళ్లీ మోగింది.

"ఏందమ్మా, ఇంక కాలేదా?" నర్సింహులు కేక వేశాడు.

సుమన విసరడం ఆపలేదు.

"జర ఆగన్నా! కూర ఇంకా సల్లారలే!"