రాయి పోయినవాళ్లు

అరకు దాటాక ఘాటీ మలుపులో ఒక పింఛను ఆఫీసుంది. చీకటి పడ్డాక మా కొండల వాళ్లెవరూ అటు వెళ్లరు. ఆ వాకిట్లో ఎవరి రాయి మాయమైతే వాళ్లకు ఆయుష్షు లేనట్టేనని పేరు.

రాళ్లంటే వరుస రాళ్లు. ఆరుగురు చేయాల్సిన పని అక్కడ ఒక్క అమ్మాయి చేస్తుంది. అది చాలదన్నట్టు ఇంకో రెండు మండలాలు కూడా ఆ పిల్లకే అప్పజెప్పారు. మిగతా ఐదు కుర్చీలూ పొదుపు పేరు చెప్పి పైవాళ్లు ఎత్తేశారు. గోడల మీద మాత్రం ప్రజాసేవ గురించి రంగురంగుల రాతలు రాయించారు.

పని జరిగేది వారానికి ఒక్క గురువారం, అదీ పదిమందికి. అందుకని జనం తలా ఒక రాయి తెచ్చి, దానిమీద సున్నంతో కార్డు నంబరు రాయించి, వరుసలో పెట్టి ఇంటికి పోతారు. వారాల తరబడి మనుషులకు బదులు రాళ్లే నిలబడతాయి. రాళ్లకు ఆకలుండదు కదా... పైవాళ్లకు అదే సుఖం.

ఆ రాళ్లలో కొన్ని రాత్రికి రాత్రే మాయమయ్యేవి. ఎవరిదా అని కనుక్కుంటే — చాలావరకు ఆ మనిషి పోయి ఉండేవాడు. బతికున్నవాళ్లు కూడా రాయి పోయిందని తెలిస్తే భయంతో మళ్లీ అటు తొంగిచూసేవారు కాదు.

మా మేనత్త సోములమ్మ రాయి రెండుసార్లు పోయింది.

అత్త ఒంటరిది. బియ్యమైనా, బీపీ మాత్రలైనా ఆ పింఛనుతోనే. "యంత్రానికి నీ వేలు పట్టడం లేదు, కాఫీ పళ్లు కోసి కోసి అరిగిపోయి ఉంటుంది" అని ఊళ్లో పింఛను పంచేవాళ్లు రెండు నెలలుగా ఇవ్వడం మానేశారు. నెలాఖరులోగా ఆఫీసుకెళ్లి సరిచేయించుకోకపోతే పేరే కొట్టేస్తారట.

అందుకే మూడోసారి రాయి పెట్టాక ఇంటికి పోలేదు. మోదకొండమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, గొంగళి కప్పుకుని, వరండా మూల చేరింది. ఆ తరవాతిది ఆవిడ నోట విన్నదే.

మంచు దిగింది. ఎదుటి చెట్టు కూడా కనిపించడం లేదు.

ఎప్పుడో నడిరేయి... తాళం వేసి ఉందనుకున్న తలుపు లోపలి నుంచి కిర్రుమంది.

తెల్లటి వెలుగొకటి మెట్లు దిగింది. వెనక ఎవరో ఉన్నారు, ముఖం లేదు. వరుస చివరికి పోయి వంగింది. గుసగుసగా ఏదో చదివింది.

"నలభై రెండు, పదకొండు... ఉన్నారు."

మరో అడుగు.

"ఎనభై, సున్నా ఏడు... పోయారు."

రాయి లేచింది. పొదల్లో దబ్ మని పడింది.

వెలుగు దగ్గరకొస్తోంది — ఇంకో రాయి... ఇంకోటి... అత్త రాయి ముందు ఆగింది.

"యాభై మూడు, అరవై... పోయారు."

అత్త గొంగళిలోకి ముడుచుకుంది. అయినా రాయి వదులుకోబుద్ధి కాలేదు.

"అది నాదమ్మా..." అంది చీకట్లోంచి.

టార్చి కింద పడింది. రాయీ పడింది. మెట్ల వైపు నుంచి ఒక గొంతు —

"సోములమ్మగారా... రాయి కోసం వచ్చారా? తీసుకెళ్లిపోండి. నన్నేం చేయకండి."

"నిన్నేటి సేత్తాను గుంటా? ముందు నువ్వు దెయ్యానివా, మడిసివా, అది సెప్పు."

"నేను... నిర్మలనండీ. ఆఫీసులో ఉండేది నేనొక్కదాన్నే."

పాపం, బుధవారం ఆఖరి బస్సుకొచ్చి ఆ కాగితాల మధ్యే పడుకుంటుందట. పోయినవాళ్ల జాబితా ఫోనులో దిగేది, కొండ మీద సిగ్నలు దొరికే ఆ వేళకే. వాళ్ల రాళ్లు తీసేస్తే తెల్లారేసరికి బతికున్నవాళ్లు నాలుగడుగులు ముందుకొస్తారు. ఆ వరుస కదలడానికి ఇంకో దారి లేదు.

"మరి నానెప్పుడు సచ్చిపోనాను?" అంది అత్త.

నిర్మల ఫోను చూసి తల దించుకుంది. "ఆగస్టులో. పోయారని నేనే నొక్కాను మామ్మా. పక్క కొండ మీద ఇంకో సోములమ్మ పోయింది. మూడు మండలాలవీ ఒక్కదాన్నే ఎక్కిస్తుంటే కళ్లు మూతలు పడ్డాయి."

"బేగి సరిసెయ్యి మరి."

"చంపడానికి నా వేలొక్కటే చాలు. బతికించాలంటే ముగ్గురు ఆఫీసర్లు వచ్చి, చూసి, సంతకం పెట్టాలి. ఇక్కడికి మనుషులు కావాలని పదిసార్లు రాశాను. ఒక్కరూ కొండెక్కలేదు."

అత్త తన రాయి ఏరి ఒళ్లో పెట్టుకుంది.

"మడుసులు కావాలంటే రారు గుంటా. దెయ్యముందని రాయి."

ఆ రాత్రే నిర్మల రాసింది — మరణించిన లబ్ధిదారు ఒకరు రాత్రివేళ కార్యాలయ వరండాలో కూర్చుంటున్నారు, విధులకు ఆటంకంగా ఉంది, అని. రికార్డు ప్రకారం అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మూడోనాటికి రెండు జీపులు దిగాయి. ముగ్గురు ఆఫీసర్లు, కింది ఊళ్ల నుంచి ఒక భూతవైద్యుడు, బూడిద గుమ్మడికాయలు, బస్తాడు నిమ్మకాయలు. పూజలను నేను తప్పుపట్టను, రోజూ దీపం పెట్టుకునేదాన్ని. కానీ ఒక్క గుమాస్తాకు లేని నిధులు నిమ్మకాయలకు ఎలా వచ్చాయో ఆ దేవుడే చెప్పాలి.

భూతవైద్యుడు వేపమండ ఝళిపించి గద్దించాడు. "ఎవరు నువ్వు? ఏం కావాలి?"

"సోములమ్మని. సంతకాలు కావాల," అంది అత్త వరండా మూలలోంచి.

జీపు బానెట్ మీదే మూడు సంతకాలూ పడ్డాయి. అత్త వేలు యంత్రానికి ఒక్కసారికే పట్టింది. అరిగిందీ లేదు, ఏమీ లేదు. "సర్, ఆ ఐదు పోస్టులు..." అని నిర్మల నోరు తెరిచేసరికి జీపులు మలుపు తిరిగిపోయాయి.

తరవాతి బుధవారం. మళ్లీ అదే మంచు, అదే వేళ. నిర్మల టార్చి పట్టుకుని తలుపు తీసింది.

వరండా నిండా మనుషులు — దుప్పట్లు కప్పుకుని... పంతొమ్మిది మంది. పొదల్లోంచి ఏరుకొచ్చుకున్నట్టున్నారు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కొక్క రాయి.

"ఎవరండీ మీరు?"

ముందున్న అప్పలస్వామి అనే ముసలాయన మెల్లిగా లేచాడు.

"మేవూ పోయినోళ్లమే తల్లీ. ఆపీసర్లు ఎప్పుడొత్తారు?"