తెంపని జంట

మధ్యాహ్నం మూడూ నలభైకి అనంతపురం బస్టాండులో చౌడేశ్వరి కుడికాలు మళ్లీ తనంతట తానే పక్కకు దూకింది. ముందున్న పెద్దాయన మీద పడబోయి ఆయన భుజం పట్టుకుంది.

"ఏం మా, నిలబడే చోటనే గంతులా?" అన్నాడాయన.

ఇలా కావడం వరుసగా ఐదో రోజు. సరిగ్గా ఇదే వేళకు పది నిమిషాలపాటు మోకాలు తన మాట వినడం మానేస్తుంది. కబడ్డీలో కూతకు వెళ్లినప్పుడు ఎదుటివాళ్లను ఏమార్చడానికి వేసే అడుగులు వేస్తుంది. సోమవారం మూడున్నరకే రాష్ట్ర కబడ్డీ జట్టు ఎంపిక. ఆ రోజూ ఇలాగే మొండికేస్తే రెండేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

అక్కణ్నుంచే బిగువుశాలకు వెళ్లింది. మోకాలి బిగువు సరిచూసుకోవడం ఆ రోజుల్లో కళ్లజోడు మార్చుకున్నంత మామూలు పని. తెగిన నరానికి బదులు దాత తొడ నుంచి తీసిన నరాన్ని ఎముకలో తొలిచిన దారిగుండా లాగి, రెండు కొసలకూ బిగిగొళ్లేలు వేస్తారు. పడబోయే అడుగును ముందే పసిగట్టి అవి నరాన్ని బిగిస్తాయి, వదులు చేస్తాయి. గట్టిగా లాగితే కాలే కదులుతుంది. దాత కాలికీ లోటు పూడ్చే గొళ్లెం ఒకటి పెడతారు. నరానికి అలవాటైన బిగువు కొత్త కాలికి అందేలా ఇద్దరి గొళ్లేలనూ తీగ లేకుండానే కొన్నాళ్లు జంట కలిపి ఉంచుతారు.

బిగువు సరిచేసే రహంతుల్లా తెర చూసి నుదురు రుద్దుకున్నాడు.

"ఈ అడుగులు నీవి కావు మా. జంట నుంచి వస్తాండాయి. ఆర్నెల్లకే తెంపాల్సింది, మావాళ్లు మర్చిపోయినారు. నరమిచ్చినోళ్లు ఆటలాడరు కదా, ఎవురికీ తేడా తెలీలా. ఎవరిచ్చినారు నీకు?"

"మా అక్క. అయినా అక్క ఆట మానేసి రెండేళ్లాయ సార్. విసుగు పుట్టిందనే కదా నాకిచ్చింది!"

"గొళ్లెం తప్పు చెప్తాందేమోలే. తెంపేస్తా, ఒక్క నొక్కు."

"ఆగండి సార్," అంది చౌడేశ్వరి. ఎందుకు ఆగమందో ఆమెకూ అర్థం కాలేదు.

అక్క ఓబులమ్మ వేరుశనగ గోదాములో తూకం వేస్తుంది. మర్నాడు మూడూ నలభైకి చౌడేశ్వరి అక్కడికి వెళ్లింది. మూటలన్నీ ఆ వారమే లారీలెక్కాయి. ఖాళీ గచ్చు మీద సుద్దగీత. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, గీత దాటి, ఓబులమ్మ కూత పెడుతోంది. ఆమె కుడికాలు పక్కకు దూకగానే గుమ్మంలో చౌడేశ్వరి కుడికాలూ దూకింది. నాలుగడుగులకే ఓబులమ్మ మోకాలు పట్టుకుని గోడకు ఆనుకుంది. కాసేపటికి కుంటుతూ మళ్లీ గీత దగ్గరకు వచ్చింది.

"అక్కా!"

ఓబులమ్మ గబగబా చీర దించుకుంది. "ఊరికేలే మే. చోటు దొరికింది కదాని..."

"విసుగు పుట్టిందన్నావే?"

"అట్లనకపోతే నువ్వు తీసుకుంటావా?"

చౌడేశ్వరికి కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియలేదు. జంట సంగతి చెప్పింది. ఓబులమ్మ ముఖం పాలిపోయింది.

"అయ్యో, నీ పోటీ చెడగొడతానేమో! ఇంక ఆడను మే, ఒట్టు."

"నువ్వు ఆడు. నేనే తెంపించుకుంటా."

సోమవారం పొద్దున రహంతుల్లా ఒక్క నొక్కుతో జంట తెంపేశాడు. మూడూ నలభైకి చౌడేశ్వరి మైదానంలో గీత దాటి కూత అందుకుంది. మోకాలు చెప్పినట్టల్లా వింది. ఇద్దరిని తాకింది. ఇంక వెనక్కి రావడమే మిగిలింది. కాలిలో అక్క అడుగు రావాలి, రాలేదు. ఇన్నాళ్లూ విసిగించినదే ఇప్పుడు లేకపోయేసరికి ఆమెకు దిక్కు తోచలేదు. తల తిప్పి జనంలోకి చూసింది.

మూడో వరుసలో ఓబులమ్మ రెండు చేతులతో కుడి మోకాలు అదిమిపట్టుకుని కూర్చుంది. జంట తెగినా ఆ కాలు, చెల్లెలికి కావాల్సిన అడుగే వేస్తూ, కుర్చీ కింద పక్కకు దూకుతూనే ఉంది.

చౌడేశ్వరి నోట కూత ఆగిపోయింది. రెఫరీ ఔటని ఈల వేశాడు.