వాసన పోయిందా, కిరీటి గారూ?

"ఆగండాగండి! వాటిని లోపలికి తేకండి!"

ఆటో దిగి, చంకకో కుషనుతో పరిగెత్తుకొచ్చిన కిరీటి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వాయుగుండం పుణ్యమా అని మూడు రోజులుగా ముసురు. భవానీపురంలోని ఆ సీటు కవర్ల కొట్టు ముందు రేకుల పంచ ఇరుకు. అతని వీపు తడిసిపోతోంది.

"రిపేరుకు తెచ్చానండీ. దొంగసరుకు కాదు."

"ఆ నలుపు చూస్తే తెలీట్లా? బూజు. లోపల దులిపారంటే నా కొత్త గుడ్డలన్నిటికీ అంటుకుంటుంది. అక్కడే పెట్టండి."

మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఆ అమ్మాయి పేరు వినీల. లోపల మిషను తొక్కుతున్న పెద్దాయన ఆమె తండ్రి సంజీవరావు.

మొత్తం పన్నెండు కుషన్లు. కిరీటి తండ్రి రామకోటేశ్వరరావు పున్నమి ఘాట్ దగ్గర నడుపుకున్న చిన్న టూరిస్టు బోటువి. ఆయన శ్రావణమాసంలో పోయాడు. బోటు మీద టార్పాలిన్ కప్పి వచ్చేశాక, కొడుకు గానీ భార్య సుబ్బరత్నం గానీ మళ్ళీ అటువైపు వెళ్ళలేదు. తీరా బోటు అమ్మేద్దామని కప్పు తీస్తే, కుషన్లు ఇలా ఉన్నాయి. కొనేవాళ్ళు నాగాయలంక నుంచి వచ్చే ఆదివారం వస్తామన్నారు.

"ఇవి పారేసి కొత్తవి కుట్టేయండి," అన్నాడు కిరీటి.

వినీల గుడ్డను వేళ్ళతో లాగి చూసింది. "ఎందుకండీ పారేయడం? మంచి గుడ్డ. శుభ్రం చేస్తే ఇంకా చాలా ఏళ్ళొస్తుంది. అవునూ, ఇక్కడేంటి ఇలా పాలిపోయింది?"

"బ్లీచింగ్ పోశానండీ."

"రంగు చచ్చింది, బూజు బతికే ఉంది. భలే వైద్యం చేశారు!"

కిరీటికి ఒళ్ళు మండింది. కానీ తండ్రి పోయాక అతనితో ఇలా దబాయించి మాట్లాడిన మనిషి లేదు. అందరూ గొంతు తగ్గించి, జాలిగా మాట్లాడేవాళ్ళే. "ఒక్కదాన్నే ఇన్ని చేయలేను. సాయంత్రాలు మీరూ రావాలి," అని ఆమె అంటే, సరేననేశాడు.

మంగళగిరిలో ఆఫీసు అవగానే బస్సు పట్టుకుని వచ్చేవాడు. మొదట పంచలో, గాలి వీధివైపు కొడుతున్నప్పుడు, పొడి బ్రష్షుతో బూజు దులిపారు. కవర్లు విప్పి స్పాంజి విడిగా ఆరబెట్టారు. వెనిగరూ నీళ్ళూ సగం సగం కలిపి గుడ్డ మీద కొట్టి, అరగంట ఆగి, సబ్బునీళ్ళతో మెత్తగా తోమారు.

"వెనిగర్లో మీ బ్లీచింగ్ మాత్రం కలపకండి. ఆ ఘాటుకి ఇద్దరం ఆసుపత్రిలో తేలతాం."

"ఇద్దరం కలిసేనా?"

"వేరు వేరు వార్డుల్లో," అంది వినీల, నవ్వకుండా.

ఎండ లేదు. ఫ్యాను ముందు నిలబెట్టి ఆరబెట్టడమే. సోమవారం సాయంత్రం ఆమె ఒక కవరు అతని ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన పోయిందా, కిరీటి గారూ?"

"మీరే చూడొచ్చుగా?"

లోపల మిషను చప్పుడు ఆగింది.

"నాకు వాసన తెలీదండీ. కోవిడ్లో పోయింది. అందరికీ తిరిగొచ్చింది, నాకు రాలేదు." కవరు మడత పెడుతూ అంది. "అమ్మకూ అప్పుడే కోవిడ్ వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి నేనొక్కదాన్నే తిరిగొచ్చాను."

కిరీటి, తను తండ్రితో చివరిసారి గొడవపడింది కూడా ఆ బోటు గురించేనని చెప్పాడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట అది. వినీల ఓదార్చలేదు. విన్నది, అంతే. అదే అతనికి నచ్చింది.

బుధవారానికి వాసన పూర్తిగా పోయింది.

"పోయిందా?"

వాన వంక చూసి, ఆమె వంక చూసి, "ఇంకా కొంచెం ఉందండీ," అన్నాడు కిరీటి.

పాపం, ఆమె పన్నెండూ మళ్ళీ మొదలుపెట్టింది. గురువారమూ అదే మాట చెప్పాడు. శుక్రవారం వెళ్ళేసరికి ఆమె వేళ్ళ చివర్లు నాని, పగిలి, ఎర్రగా ఉన్నాయి. కిరీటి నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో, ఉయ్యూరులో చెల్లెలింటికి వెళ్ళిన సంజీవరావు సంచీతో దిగాడు.

"ఇంకా కడుగుతున్నావేంటమ్మా? బుధవారం పొద్దున నేను బస్సెక్కేటప్పటికే వాసన లేదుగా!"

వినీల చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"రెండు రోజులు..." అంది కిరీటి వైపు తిరిగి.

"పని అయిపోతే మళ్ళీ రావడానికి వంక ఉండదని..."

"గ్యాసు లీకైనా నాకు తెలీదండీ. పాలు విరిగినా తెలీదు. పక్కవాళ్ళు చెప్పింది నమ్మి బతుకుతున్నాను. మీకది ఆటయిందా?" గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మీ కుషన్లు తీసుకెళ్ళండి."

ఆదివారం కొనేవాళ్ళు వచ్చారు. సీట్లు చూసి మెచ్చుకున్నారు. బోటును లారీ ఎక్కిస్తుంటే సుబ్బరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. అది వెళ్ళిపోతే బరువు దిగుతుందనుకున్నాడు కిరీటి. దిగలేదు.

సోమవారం సాయంత్రం వానలోనే కొట్టుకు వెళ్ళాడు. వినీల తలెత్తకుండా గుడ్డ కత్తిరిస్తోంది.

"మీరంటే ఇష్టమై అబద్ధమాడాను. ఇష్టమైనా అబద్ధం అబద్ధమే. మీ చేతులు పాడుచేశాను. ఇక మీతో ఎప్పుడూ అబద్ధం చెప్పను. అది చెప్పిపోదామని వచ్చాను."

కత్తెర ఆగింది. ఆమె లోపలికి వెళ్ళింది. తనను వెళ్ళిపోమనడమే అనుకుని అతను మెట్టు దిగబోతుంటే, ప్లాస్టిక్ కవరుతో తిరిగొచ్చింది. అందులో నేత చీర.

"అమ్మది. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు కట్టుకుంది. ఇన్నేళ్ళూ ఉతకలేదు. అమ్మ వాసన ఇంకా ఉందమ్మా అని నాన్న అంటాడు. మీరు చెప్పండి."

కిరీటి మడత విప్పాడు. లోపల సన్నటి నల్లచుక్కలు. ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక్క మాట చాలు, ఆమె ముఖం వెలుగుతుంది. మిషను దగ్గర సంజీవరావు, ఉందని చెప్పమని చేతులు జోడించినంత పని చేస్తున్నాడు.

"బూజు వాసనండీ," అన్నాడు నెమ్మదిగా. "ఇంకేం లేదు."

వినీల స్టూలు మీద కూలబడింది. చీరను ఒళ్ళోకి లాక్కుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. సంజీవరావు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపు తగ్గేదాకా కిరీటి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె లేచి తొట్టిలో నీళ్ళు పట్టి, చీరను అందులో వేసింది. సంజీవరావు గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ శౌరమ్మ పేరు చెప్పి నేనూ అబద్ధమే చెప్పాను బాబూ. మా పిల్లకు నిజం చెప్పే మనిషి కావాలి. ఈసారొచ్చేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకురా, మాట్లాడుకుందాం."

వినీల వద్దనలేదు. ఉతికిన చీర నీళ్ళలోంచి తీసి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కిరీటి చేతిలో పెట్టింది.

"గట్టిగా పిండకండి," అంది. "పాతది."