తడి చేత్తో ముట్టినా

2009 సెప్టెంబర్ 14. ఉదయం 5:40.

రామసముద్రం దగ్గర టమాటా తోట. మోటారు షెడ్డులో మల్లప్ప శవం. కుడి అరచేయి కాలి నల్లబడింది. గోడకు కొత్త ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఇనప పెట్టె అది.

ఎస్సై ముద్దుకృష్ణకు ఆ ఏడాది ఇది తొమ్మిదో కరెంటు చావు. ఆరోదాని తర్వాత ఆయనకు బాధపడటం కూడా చేతకావడం లేదు. పంచనామా రాయించి, గట్టు మీద కూర్చున్న తిమ్మక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె మల్లప్ప భార్య. ఏడవడం లేదు.

"తాగి ఉన్నాడా అమ్మా?"

"తాగడు సార్. ఊరంతా అజాగ్రత్త అంటాండారు. ఇరవై ఏండ్లుగా ఫ్యూజులు పీకకుండా పెట్టె ముట్టిన మనిషి కాదు. ఈ పొద్దు ఎందుకు ముట్టినాడో అది కనుక్కోండి. నాకింకేం వద్దు."

ఫ్యూజులు పీకలేదు. అవి వాటి చోటే ఉన్నాయి.

లైన్‌మన్ టెస్టర్ పెట్టి చూశాడు. "లోపలి వైరు పెట్టెకే తగులుతాండాది సార్. కొత్తదే, తయారీలోనే తప్పు."

"ఈ పెట్టె ఎవరు తెచ్చారు?"

"మా మరిది గిరిబాబు," అంది తిమ్మక్క. "మదనపల్లెలో నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. రోజూ ఈడ్నుంచే పోయొస్తాడు. ఊరికే ఇచ్చినాడు."

గిరిబాబు షెడ్డులో, అన్న శవం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"బిల్లు ఏది?"

"పోయింది సార్."

"మంచి సరుకని ఎట్లా తెలుసు?"

"వాడిన రైతులు నెట్‌లో రాసినారు సార్. అవి చదివి వినిపించినాకే అన్న బిగించుకున్నాడు."

ఆ రాతల ప్రింటు తెప్పించాడు ముద్దుకృష్ణ. నాలుగున్నాయి. నాలుగూ ఆగస్టు 18న రాసినవే. కుప్పం చిన్నప్ప పేరుతో ఉన్నది ఇది: "మూడు నెలలుగా వాడుతున్నా. ఈ వారం పొద్దున ఐదుకు కరెంటు రాగానే దానంతటదే ఆన్ అవుతోంది. తడి చేత్తో ముట్టినా షాక్ కొట్టదు."

పుంగనూరు వెంకటేష్ కూడా ఐదు గంటలనే రాశాడు. మిగతా ఇద్దరూ అంతే.

మూడు రోజులు జీపులో తిరిగాడు. ఆ ఊళ్లలో అలాంటి రైతులు లేరు. ఆయనకు ఆశ్చర్యం వేయలేదు. సబ్‌స్టేషన్ల రిజిస్టర్లు మాత్రం ఒక్కొక్కటే తిరగేశాడు.

సెప్టెంబర్ 18. ఉదయం 11:20. మదనపల్లె నెట్ సెంటర్. తిమ్మక్క స్టూలు మీద కూర్చుంది. ముద్దుకృష్ణ ప్రింటును గిరిబాబు ముందు పెట్టాడు.

"తోటలకు కరెంటు వంతుల్లో వస్తుంది. వారం వారం మారుతుంది. ఆ వారం కుప్పంలో ఎన్నింటికి వచ్చింది?"

"తెలియదు సార్."

"మధ్యాహ్నం పన్నెండుకు. పుంగనూరులో ఒంటిగంటకు. పొద్దున ఐదు నుంచి వంతు ఒక్క రామసముద్రం లైనుకే ఉంది. నాలుగు ఊళ్ల పేర్లు పెట్టావు గానీ, వంతు మాత్రం మీ ఊరిదే రాశావు."

గిరిబాబు తల వంచుకున్నాడు. "నాలుగు మంచి మాటలు రాస్తే ఒక స్టార్టర్ ఫ్రీ అని బెంగళూరు కంపెనీవాళ్లు అన్నారు సార్. అన్నకు పనికొస్తుందని..."

"నువ్వు వాడి చూశావా?"

"సీలు కూడా తీయలేదు."

తిమ్మక్క తల ఎత్తింది. "తడి చేతి మాట ఎవురు సెప్పినారు?"

"ఎవురూ సెప్పలేదు వదినా. బాగుంటుందని నేనే రాసినా."

"మీ అన్న మళ్లీ సదవమన్నాడు. రెండోసారీ సదివినావు."

"ఊ."

ఫ్యాను తిరుగుతోంది. తన దగ్గర ఓదార్పు మాట ఒక్కటీ లేదని ముద్దుకృష్ణకు తెలుసు.

"కుప్పమాయన ముట్టినాడంటేనే ఆయనా ముట్టినాడు," అంది తిమ్మక్క. "అజాగ్రత్త కాదు గదా సార్?"

"కాదమ్మా."

ఆమె కంప్యూటర్ వైపు చూసింది. "గిరీ, దాంట్లోనే ఆయన పేరు పెట్టి రాయి. రామసముద్రం మల్లప్ప ముట్టినాడు, సచ్చిపోయినాడు అని."

"రాసినా ఉంచరు వదినా. సెడ్డగా రాసినవి కంపెనీవాళ్లు తీసేస్తారు."

ముద్దుకృష్ణ కేసు డైరీ తెరిచాడు. గిరిబాబు పేరు, బెంగళూరు కంపెనీ పేరు రాసే ముందు, తిమ్మక్క రాయమన్న మాటను ఆమె చెప్పినట్టే మొదటి వరుసలో రాశాడు.