ఊటలో చేరని పేరు

2087 నాటికి విశాఖపట్నంలో డాక్టర్లు మందుల మోతాదు రాయడం మానేశారు. రోగి మంచం పక్కనుండే వైద్యయంత్రమే ఆ చికిత్స మీది పరిశోధన పత్రాన్నీ, అందులో పేర్కొన్న మూలపత్రాలన్నిటినీ చదివి మోతాదు నిర్ణయించేది. దానికి ఆధారం 'ఊట' అనే ఫైల్ ఫార్మాట్. పూర్వం పత్రం చివర ఉల్లేఖనాలంటే రచయిత పేరు, పత్రిక పేరు, సంవత్సరం, అంతే. ఒకసారి అచ్చయ్యాక అవి కదలని అక్షరాలు. ఊటలో రాసిన ఉల్లేఖనం మాత్రం మూలపత్రంతో సంబంధం తెంచుకునేది కాదు. మూలంలో ఒక తప్పు దిద్దితే ఆ దిద్దుబాటు దాన్ని ఉల్లేఖించిన ప్రతి పత్రానికీ, అక్కణ్ణుంచి ప్రతి ఆస్పత్రికీ క్షణాల్లో పారేది.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ ప్రద్యుమ్న. కానీ ఊటని వాడేవాళ్ళలో అతని పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ తెలిసిన పేరు మందాకినిది. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి, ఒకే లాబ్‌లో చేరారు. రక్తనాళాల్లో గడ్డల్ని కరిగించే ఎంజైమ్ ఆమెది. ఏ దేశపు పత్రం తెరిచినా ఉల్లేఖనాల్లో ఆమె పేరే. తను తవ్విన కాలువలో ఆమె పడవ ఊరేగుతున్నట్టుండేది ప్రద్యుమ్నకి. ఆమెకి సన్మానం జరిగినప్పుడల్లా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చాక అన్నం సయించక కంచం ముందునుంచి లేచిపోయేవాడు.

ఆ ఎంజైమ్‌నే చిన్న మోతాదుల్లో ఇచ్చి, పెద్దవయసువాళ్ళకి పక్షవాతం రాకుండా ఆపే పద్ధతి ఒకటి అతను తయారుచేశాడు. పత్రం రాయడం పూర్తయ్యాక లాబ్‌లోని యంత్రం అడిగింది.

"ఇందులో లెక్కలకి మూలం మందాకిని గారి పత్రం. దాని ఉల్లేఖనం లేదు. చేర్చమంటారా?"

"వద్దు. అదిప్పుడు అందరికీ తెలిసిన విషయమే."

ఉల్లేఖనాల్లో చివరిమాట రచయితదేనన్న నియమం ఊటలో పెట్టింది ప్రద్యుమ్నే. యంత్రం మరి అడగలేదు.

పత్రానికి మంచి పేరొచ్చింది. తన అన్న భార్గవకి ఆ చికిత్స దగ్గరుండి మొదలుపెట్టించాడు. ఆ ఏడాదే మందాకిని తన ఎంజైమ్ పత్రానికి ఒక హెచ్చరిక చేర్చింది. రక్తంలో ఒక ప్రొటీన్ లోపించినవాళ్ళకి ఈ ఎంజైమ్ ఇస్తే మెదడులో రక్తస్రావం కావచ్చని దాని సారాంశం. ఊట దాన్ని దేశదేశాలకీ చేర్చింది. ప్రద్యుమ్న పత్రానికి మాత్రం చేరలేదు, చేరడానికి దారే లేదు. అతనూ చదవలేదు. మందాకిని రాసినవి చదవడం ఎప్పుడో మానేశాడు. భార్గవ మంచం పక్కనున్న యంత్రం మందు ఎక్కిస్తూనే ఉంది. ఆయన రక్తంలో ఆ ప్రొటీన్ లేదు. ఒక పొద్దున మెదడులో రక్తస్రావమై ఆయనకి మాట పడిపోయింది.

కబురు విని మందాకిని ఆస్పత్రికి వచ్చింది. ముందు ఆ మందు ఆపించింది. తన హెచ్చరిక ఇక్కడికి రాలేదంటే ఊటలో ఏదో లోపముండాలని, ఇద్దరం కూర్చుని వెతుకుదామని అంది.

"ఊటలో లోపం లేదు," అన్నాడు ప్రద్యుమ్న. "నీ పేరు నేనే పెట్టలేదు. ఓర్వలేకపోయాను."

ఆమె కోప్పడుతుందనుకున్నాడు.

"ఆ ప్రొటీన్ లేకపోతే మెదడులో నాళాలు పెళుసవుతాయని చదువుకునే రోజుల్లో నువ్వో చిన్న పత్రం రాశావు. నీకే గుర్తులేదేమో, నేను చదివాను. నా ఎంజైమ్ పత్రంలో దాన్ని ఉల్లేఖించి ఉంటే యంత్రాలు మొదట్నుంచే జాగ్రత్తపడేవి. క్లాసులో ఎప్పుడూ నువ్వే ఫస్టు. నీ పేరు పెట్టబుద్ధెయ్యలేదు నాకు."

తర్వాత ఇద్దరూ లాబ్‌కి వెళ్ళారు. అతని పాత పత్రం, ఆమె ఎంజైమ్ పత్రం, అతని చికిత్స పత్రం, విడివిడిగా ఉన్న ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి కలుపుతూ కొత్త హెచ్చరిక రాయడానికి కూర్చున్నారు. ప్రద్యుమ్న పద్ధతిలో మందు తీసుకుంటున్న ముసలివాళ్ళు ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళందరికీ అది వెంటనే అందాలి. ఒకరు చెబుతుంటే ఒకరు సవరిస్తూ త్వరగానే ముగించారు.

"పత్రం సిద్ధం," అంది యంత్రం. "రచయితలు ఇద్దరు. ఎవరి పేరు ముందు పెట్టమంటారు? అది చెబితేనే పంపగలను."

ప్రద్యుమ్న మందాకిని వైపు చూశాడు. ఆమె తెరకేసి చూస్తోంది. నీదే పెట్టమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. యంత్రం మళ్ళీ అడిగింది.