వేలు అడగని తలుపు

"ఆస్పత్రి చలిగదిలోంచి ఖరీదైన ఇంజెక్షన్లు పోయాయి. నేనే తీశానంటున్నారు. సాయంత్రం పోలీసులకు అప్పగిస్తారట," అంది ఆమె గుమ్మంలోనే నిలబడి. ఆ గదికి స్టోర్‌కీపర్ ఆమె.

"నువ్వేనని ఎందుకనుకున్నారు?" అడిగింది డిటెక్టివ్. లెక్కల టీచరుగా రిటైరై ఈ పని పట్టిన ఆవిడను అందరూ పంతులమ్మ అనే పిలుస్తారు.

"తలుపు నా కార్డుతో తెరుచుకుందటండీ. కార్డుతో పాటు వేలిముద్ర కూడా కలవాలి కాబట్టి ఇంకెవరూ కాదంటున్నారు. కార్డు కొక్కేనికి తగిలించి భోజనానికి వెళ్లిన మాట నిజమే. వేలు మాత్రం నాతోనే తెచ్చుకున్నాను."

పంతులమ్మకు ఒళ్లు మండింది. మెషీన్ చెబితే వేదవాక్కు, మనిషి ఏడ్చి చెప్పినా కట్టుకథ. ఇదెక్కడి న్యాయం? అసిస్టెంటుగా పనిచేసే అల్లుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఆస్పత్రి మేనేజర్ మర్యాదగా ఎదురొచ్చాడు. చలిగది కదా, దళసరి గ్లవ్స్ తొడుక్కుని, కార్డు తాకించి తలుపు తీశాడు.

"కార్డు, వేలు రెండూ కలవాల్సిందే. తాళం నడిపే కంప్యూటర్ ప్రోగ్రాం అబద్ధమాడదు."

"రాసిందెవరు?"

"మా ప్రోగ్రామర్. సెలవు మీద ఊరెళ్లి ఇవాళే వచ్చాడు. దొంగతనం నాడు లేడు."

"దారులన్నీ మూసుకుపోయాయి అత్తయ్యా," అన్నాడు అల్లుడు దిగులుగా.

"తలుపు తెరుచుకుంది కదయ్యా. వెళ్లి అందర్నీ పిలువు."

డైరెక్టర్, ప్రోగ్రామర్, స్టోర్‌కీపర్ వచ్చారు. పంతులమ్మ వేలు ఎక్కడా పెట్టకుండా స్టోర్‌కీపర్ కార్డు తాకించింది. తలుపు తెరుచుకుంది.

"ప్రోగ్రాంలో కార్డుకీ వేలికీ మధ్య ‘అండ్’ ఉండాలి. అంటే రెండూ నిజం కావాలి. దాన్ని ‘ఆర్’ చేశారు. ‘ఆర్’కి ఒకటి నిజమైతే చాలు, రెండోదాన్ని చూడనే చూడదు. గ్లవ్స్‌తోనే మేనేజర్ గారు లోపలికి వెళ్లినప్పుడే అనుమానమొచ్చింది. ఎవరు మార్చమన్నారు బాబూ?"

ప్రోగ్రామర్ ఓసారి మేనేజర్ వైపు చూశాడు. "మేనేజర్ గారేనండీ. మాటిమాటికీ గ్లవ్స్ తీయలేం, ఎవరికీ చెప్పకు అన్నారు."

"అయితే ఈ సంగతి తెలిసింది ఇద్దరికే," అంది పంతులమ్మ. " ఒకరు ఊళ్లో లేరు. రెండోవారు వేలు కలవాల్సిందేనని నా మొహం మీదే బొంకారు."

"ఆ ఇంజెక్షన్లు నేను అమ్మలేదు," అన్నాడు మేనేజర్.

"అమ్మారని ఎవరన్నారండీ?" అన్నాడు అల్లుడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

డైరెక్టర్ గొంతు తగ్గించి స్టోర్‌కీపర్‌తో అన్నాడు. "జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి పనిలోకి రామ్మా."

ఆమె కదల్లేదు. "దొంగ అన్నప్పుడు వార్డంతా వినేలా అన్నారు సార్. కాదన్న మాట కూడా అక్కడే, అంత గట్టిగానూ చెప్పండి."

డైరెక్టర్ పంతులమ్మ వైపు చూశాడు. ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. స్టోర్‌కీపర్ ఆయనకంటే ముందే వార్డు వైపు నడిచింది.